డోర్తెయాకు ఎర్ర స్వెట్టర్

మా లోయలో పిల్లలకు అక్షరాలకన్నా ముందు ఒక మాట నేర్పుతారు. చెడ్డ వాతావరణం అంటూ ఏదీ ఉండదు, చెడ్డ బట్టలే ఉంటాయి అని. ముక్కు కారుతూ ఏడ్చే బిడ్డను మంచులోకి తోసి తలుపు వేసుకునేటప్పుడు తల్లులు అనే మాట ఇది. ఇక్కడ పుట్టిన వాళ్ళెవరూ దీనికి ఎదురు చెప్పరు. ఆ మాట మనుషులకేనా, కోళ్ళకు కూడానా అని ఎవరూ ఆలోచించినట్టు లేదు. మా అత్తగారు అయితే ఆలోచించకుండానే అల్లిక సూదులు పట్టుకున్నారు.

అత్తగారి పేరు ఆస్లౌగ్. ఎనభై దాటాయి. ఆమె చేతి ఊలు తొడగని ప్రాణి ఈ చుట్టుపక్కల లేదు. మా ఆయన ఎంబ్రెట్‌కు స్వెట్టర్లు పెట్టుకోవడానికి ఒక బీరువా చాలదు. పక్క పొలం యోస్టైన్‌కు మేజోళ్ళు, ఉత్తరాలు తెచ్చే అబ్బాయికి టోపీ, చివరికి మా ట్రాక్టరు గేరు రాడ్డు మీద కూడా ఒక కుచ్చు టోపీ ఉంది. ఒక్క నాకే ఏమీ లేదు.

దానికి కారణం ఆమె కాదు. కొత్త కోడలిగా వచ్చిన మొదటి చలికాలంలో, "చలేస్తోందా అమ్మాయ్?" అని అడిగారు. నేను ఫిన్‌మార్క్ పిల్లను. దేశం నెత్తిన ఉన్న జిల్లా మాది. "ఇదీ ఒక చలేనా అత్తయ్యా!" అన్నాను గొప్పగా. నిజానికి మాది సముద్రపు ఒడ్డు. అక్కడ గాలి మనిషిని ఎత్తి కుదేస్తుంది గాని, ఈ లోయలోలాగా ఊపిరి మూతి దగ్గరే గడ్డకట్టదు. ఆ రోజు కూడా నా వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. ఆమె మాత్రం సరేనని తలూపి ఎంబ్రెట్ మేజోడు అందుకున్నారు. ఇరవై ఆరేళ్ళయింది. మళ్ళీ ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. కొట్లో కొన్న చేతితొడుగులతోనే నెట్టుకొస్తున్నాను.

పోయిన వసంతంలో అత్తగారికి పక్షవాతం తగిలింది. కాలూ మాటా నెమ్మదిగా తిరిగొచ్చాయి. ఎడమ చెయ్యి మాత్రం సగమే వచ్చింది. వ్యాయామం చేయించే అమ్మాయి, "అల్లుతూ ఉండండి, అదే మీకు మందు" అని చెప్పి వెళ్ళింది. ఆమె మొదలుపెట్టేవారు. పది వరసలయ్యాక ఏదో ఒక కుట్టు జారిపోయేది, వేళ్ళు పట్టు తప్పేవి, దాన్ని బుట్టలో పడేసేవారు. వేసవి, శరత్తు గడిచేసరికి బుట్ట నిండా సగం మేజోళ్ళు, పావు టోపీలు. ఒక్కటీ పూర్తి కాలేదు. మేం ఆ బుట్ట వంక చూడటం మానేశాం.

కోళ్ళు కూడా ఆమెవే. ఇప్పుడు చూసేది నేను. పశువుల కొట్టం చివర చెక్క గది వాటిది. తెల్లవారకముందే ఒక బకెట్టు గోరువెచ్చని నీళ్ళు, ఒక గిన్నె వేడి ఓట్స్ జావ పట్టుకుని పోతాను. పాత నీళ్ళు రబ్బరు తొట్టిలో రాయిలా ఉంటాయి. తొట్టి బోర్లించి పిడికిలితో గుద్దితే అచ్చు పోసినట్టు ఊడి పడతాయి. గుడ్లు అప్పటికే చలికి పగిలి ఉంటే వాటిని మళ్ళీ కోళ్ళ జావలోనే కలుపుతాను. పుంజు తలమీది తురాయి చలికి చచ్చుబడకుండా వాజిలిన్ రాస్తాను, అది నన్ను పొడుస్తుంది. ఇక్కడ చలికాలం మధ్యాహ్నమే చీకటి పడుతుంది, ఆలోపు మళ్ళీ నీళ్ళు. కింద రంపపు పొట్టు, గడ్డి జానెడు మందం. కప్పు కింద గాలి కంత ఎప్పుడూ తెరిచే ఉండాలి. కోళ్ళ ఊపిరిలోని తేమ బయటికి పోకపోతే అదే వాటి మీద మంచై కూర్చుంటుంది. ఇవన్నీ నాకు నేర్పింది అత్తగారే. కోళ్ళ విషయంలో ఆమె మాట నాకు వేదం, మిగతా విషయాల్లో మాత్రం మా ఇద్దరికీ రోజూ రామరావణ యుద్ధమే.

క్రిస్మస్ వెళ్ళిన వారం చలి దిగింది. అదే వారం డోర్తెయా ఈకలు రాల్చింది.

మిగతా పెట్టలన్నీ శరత్తులోనే బుద్ధిగా ఈకలు రాల్చి, కొత్తవి తొడుక్కుని, దండె మీద ఉబ్బి కూర్చున్నాయి. డోర్తెయా మాత్రం ఇప్పుడు మొదలుపెట్టింది. అత్తగారి పెదనాన్న కూతురు ఒకావిడ డోర్తెయా అని ఉండేదట. చర్చికీ పెళ్ళికీ ఎప్పుడూ ఆలస్యమేనట, తన పెళ్ళితో సహా. కోడికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. రెండు రోజుల్లో మెడ, వీపు, తోక బోసిపోయాయి. గులాబి రంగు చర్మం మీద నీలం ముళ్ళలా ఈకల మొలకలు. బయట మైనస్ ముప్ఫై డిగ్రీలు.

ఆ సంగతి అత్తగారికి చెప్పకుండా ఉండాల్సింది. నోరాగక కాఫీ దగ్గర చెప్పేశాను.

"ఒట్టి ఒంటితోనా?" అన్నారామె కప్పు దించి.

"తోక కూడా లేదత్తయ్యా. చూస్తే నవ్వొస్తోంది, పాపం అనిపిస్తోంది."

"నవ్వొస్తుందే నీకు! నిన్ను అలా నిలబెడితే తెలుస్తుంది." ఆమె బుట్ట మూత తీశారు. "ఆ ఎర్ర ఊలు అందుకో. తెల్లది కూడా."

ఎంబ్రెట్ పేపరు మడిచాడు. "అమ్మా, కోడికా?"

"కోడికి చలి వెయ్యదా? నీకు నలభై ఏళ్ళు వచ్చేదాకా నేను వెంటపడితే గాని టోపీ పెట్టుకున్నావా నువ్వు?"

ఎంబ్రెట్ మళ్ళీ పేపరు విప్పాడు.

ఆమె నాలుగు రోజులు అల్లారు. ఎడమ చెయ్యి వణుకుతుంటే దాన్ని తొడకు ఆనించి, పళ్ళు బిగించి అల్లారు. కుట్టు జారితే తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళి అందుకున్నారు. నేను పొయ్యిలో కట్టెలు పెడుతూ ఓరకంట చూస్తూనే ఉన్నాను. కోడి చిన్నది కదా, స్వెట్టరూ చిన్నదే. అందుకే ఈసారి చేతులు అలిసేలోపు చివరి వరస వచ్చింది. ఎర్ర ఊలు మీద తెల్ల చుక్కలు. ఇక్కడి వాళ్ళు ఆ చుక్కల నమూనాను పేలు అంటారు. రెక్కలకు రెండు కంతలు, వీపు మీద రెండు గుండీలు.

"కోడికి పేల స్వెట్టరేసిన మొదటి మనిషివి నువ్వే ఆస్లౌగ్ అక్కా," అన్నాడు యోస్టైన్, పాల డబ్బా ఇవ్వడానికి వచ్చి. "నా పెళ్ళికి కూడా నాకింత మంచి కోటు లేదు."

"నీ పెళ్ళికి నువ్వే సరిగ్గా లేవు. కాఫీ తాగి పో."

ఆమె నవ్వారు. మూతి ఒక పక్కకు వంకరపోయినా నిండుగా నవ్వారు. వసంతం తర్వాత ఆ నవ్వు చూడటం అదే మొదలు. స్వెట్టరు వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "పూర్తయింది," అన్నారు. ఇంకోసారి, "పూర్తయిందే గూరో," అన్నారు, నేను విన్లేదేమో అని. ఎన్నాళ్ళకో నన్ను పేరు పెట్టి పిలిచారు.

అప్పటికే నా మనసులో ఒక ముల్లు ఉంది. ఈకలు మొలిచే కోడిని ముట్టుకోకు, ఒక్కో మొలకలోనూ నెత్తురుంటుంది, తగిలితే ప్రాణం పోయినంత నొప్పి అని నాకు చెప్పింది ఈమే. కానీ ఆ ముఖం చూసి ఎవరు చెప్పగలరు? నావల్ల కాలేదు. పోయి డోర్తెయాకు స్వెట్టరు తొడిగాను. అది బొమ్మలా బిగుసుకుపోయింది. మర్నాడు అడిగితే, "బాగుందత్తయ్యా, రాణిలా ఉంది," అన్నాను.

రాణి అన్నం మానేసింది. దండె ఎక్కడం మానేసింది. మిగతా కోళ్ళు ఈకలు ఉబ్బించి, ఒంటి వేడిని లోపలే పట్టుకుని, కాళ్ళు పొట్ట కింద దాచుకుని కూర్చుంటే, ఇది గుండీల మధ్య బందీ అయి మూల నిలబడేది. ఉబ్బడానికి లేదు. నేను రోజూ చూస్తున్నాను, రేపు తీసేద్దాం అనుకుంటున్నాను, ఇంటికి వచ్చి ఆమె ముఖం చూసి మాట మింగేస్తున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె అప్పటికే రెండో స్వెట్టరుకు ఊలు ఎంచుకుంటున్నారు, ఎప్పుడైనా పనికొస్తుందని.

ఒక పొద్దున మైనస్ ముప్ఫై నాలుగు. గది తలుపు తీసేసరికి కోళ్ళన్నీ మూల గుమిగూడి ఉన్నాయి. నా నుదుటి దీపం వెలుగులో ఎర్రగా ఏదో కదిలింది. తెల్ల చుక్కలు గింజలనుకున్నాయో ఏమో, అన్నీ కలిసి డోర్తెయా వీపు మీద పొడుస్తున్నాయి. అది గుడ్ల పెట్టె కిందకి దూరి కళ్ళు మూసుకుని ఉంది. నీళ్ళ తొట్టిలో తడిసిన స్వెట్టరు అంచు అట్టలా గడ్డకట్టింది. గుండీలు కదలడం లేదు. కొంచెం లాగితే సన్నగా అరిచింది. ఊలుకు అంటుకుని రెండు మొలకలు ఊడొచ్చాయి, నెత్తురు నా తొడుగు మీద పడి వెంటనే గడ్డకట్టింది.

గడ్డి కట్టల తాళ్ళు కోసే కత్తెర మేకుకు వేలాడుతోంది. తీసుకున్నాను. ఊలును కోస్తే ఇక అతుకు పడదు. ఆ ఎర్ర వరసల్లో ఎక్కడ చెయ్యి వణికిందో, ఎక్కడ వెనక్కి వెళ్ళి అందుకున్నారో కూడా నాకు తెలుసు. ఏడుపొచ్చింది. కోడి ఇంకోసారి అరిచింది. మెడ దగ్గర నుంచి కిందకి కోసేశాను.

డోర్తెయాను కోటు లోపల పెట్టుకుని ఇంటి కింద బంగాళాదుంపల నేలమాళిగలోకి దిగాను. అక్కడ ఎంత చలికాలమైనా నీళ్ళు గడ్డకట్టవు, వెచ్చగానూ ఉండదు. కోడికి అంతే చాలు. వేడి గదిలో పెడితే ఎండాకాలం దాకా బయటికి పంపలేం. ఒంటరిగా పెడితే దిగులుతో పోతుంది. అందుకని దాని పక్కన దండె మీద కూర్చునే తెల్లపెట్టను కూడా తెచ్చాను. ఉప్పు కడిగిన చేపముక్క మెత్తగా చేసి పెడితే డోర్తెయా ఒక కన్ను తెరిచింది.

ఎంబ్రెట్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. విత్తనాల బంగాళాదుంపలంటే అతనికి పంచప్రాణాలు.

"నా దుంపల మీద రెట్ట వేస్తాయి," అన్నాడు. "నన్నో మాట అడిగావా?"

"కోడిని అడిగి మసాలా నూరతారా ఎవరైనా?"

అతను బస్తాలు అవతలి గోడకు జరపడం మొదలుపెట్టాడు. జరుపుతూ, కోసిన స్వెట్టరు వైపు చూశాడు. "అమ్మకి చెప్పకు. అలాంటిదే ఇంకోటి అల్లెయ్."

"నాకు అల్లడం వస్తే ఇన్నేళ్ళూ కొట్లో తొడుగులు కొనేదాన్నా?"

"అయితే నక్కెత్తుకుపోయిందని చెప్పు."

"స్వెట్టరునా? కోడిని వదిలేసి?"

ఎంబ్రెట్ దగ్గర అంతకు మించి ఉపాయాలు లేవు. నేను స్వెట్టరు పట్టుకుని పైకి వెళ్ళాను.

అత్తగారు కిటికీ దగ్గర ఉన్నారు. బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. అబద్ధం ఆడలేదు, తిప్పి చెప్పలేదు. రాణిలా ఉందని ఇన్నాళ్ళూ అన్నది అబద్ధమని కూడా చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది, తిట్టడం, పడటం మాకిద్దరికీ బాగా అలవాటు.

ఆమె కోసిన అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా రాశారు. ఊలులో చిక్కుకున్న నీలం మొలకను బయటికి తీశారు.

"ఈకలు మొలిచేటప్పుడు ముట్టుకోకూడదు," అన్నారు. "నేనే కదా చెప్పాను నీకు."

"అవునత్తయ్యా."

"మర్చిపోయాను." మొలకను బల్ల మీద పెట్టి, "చెయ్యే అనుకున్నాను. బుర్ర కూడా పోతోందన్నమాట," అన్నారు.

"అలా ఏం లేదు. దాని మీద జాలితో..."

"ఊరుకో." సూదులు, ఊలు, రెండో స్వెట్టరు మొదటి వరస అన్నీ బుట్టలో వేసి మూత పెట్టారు. "దీన్ని అటక మీద పెట్టమను వాణ్ణి."

ఎంబ్రెట్ పెట్టలేదు. తలుపు వెనక పెట్టాడు, అటకంత దూరం అతనికి కాళ్ళు రాలేదు.

ఆ తర్వాతి రోజుల్లో డోర్తెయా తినడం మొదలుపెట్టింది. మొలకలు చివర్లు విచ్చుకుని కుంచెల్లా అయ్యాయి. మెడ చుట్టూ ముందొచ్చాయి, చూస్తే చిన్న శాలువా కప్పుకున్నట్టే ఉంది. నేను రోజూ వచ్చి చెప్పేదాన్ని. "తోక కూడా వస్తోందత్తయ్యా. ఒక్కసారి దిగి చూడండి, చెయ్యి పట్టుకుంటాను." ఆమె కిటికీలోంచి చూస్తూ, "నువ్వు చూస్తున్నావుగా, చాలు," అనేవారు. తన కోడీ తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకునే మనిషి, కోడి సంగతి నాకు వదిలేశారు. నాకు అదే భయం వేసింది. ఎడమ చెయ్యి ఒళ్ళో ముడుచుకుని పడి ఉండేది. కాఫీ కప్పు కుడిచేత్తోనే ఎత్తేవారు. వ్యాయామం అమ్మాయి వచ్చి ఆ వేళ్ళు విప్పబోతే రాలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నాతో, "ఇలాగే వదిలేస్తే అలాగే ఉండిపోతుంది," అంది.

ఏం చెయ్యాలి? మేజోళ్ళు చిరిగాయి, కొత్తవి అల్లమని యోస్టైన్‌ను అడగమన్నాను. అతను అడిగాడు కూడా. "కొట్లో కొనుక్కో," అన్నారామె. ఎంబ్రెట్ తన టోపీ పోయిందని నాటకమాడాడు. "నీ బీరువాలో ఇంకా తొమ్మిదున్నాయి," అన్నారు.

ఆ మధ్యాహ్నం కోళ్ళకు నీళ్ళు మోస్తుంటే బకెట్టు తొణికి నా చేతితొడుగులు రెండూ తడిశాయి. కొట్టం నుంచి ఇంటికి వచ్చేలోపే బిరుసెక్కాయి. తలుపు గొళ్ళెం తియ్యడానికి వేళ్ళు రాక మోచేత్తో నెట్టాను. వంటగదిలో పొయ్యి ముందు నిలబడి తొడుగులు లాగితే నా వేళ్ళు మైనంలా తెల్లగా ఉన్నాయి. రక్తం తిరిగొస్తున్న కొద్దీ సూదులతో పొడిచినట్టు నొప్పి. పళ్ళు బిగించి నిలబడ్డాను, ఇరవై ఆరేళ్ళుగా నిలబడుతున్నట్టే. అలా నిలబడే తలుపు వెనక బుట్టను చూశాను.

ఇది మంచి ఎత్తు అనుకునే నోరు తెరిచాను. కానీ బయటికి వచ్చింది నిజం.

"అత్తయ్యా, నాకు చలేస్తోంది."

ఆమె కిటికీ వైపు నుంచి తల తిప్పారు. "ఏమన్నావు?"

"చలేస్తోంది. చేతులకి. చాలా."

"ఫిన్‌మార్క్ వాళ్ళకి ఇదీ ఒక చలేనా?"

ఒక్క మాట కూడా మర్చిపోలేదు మహాతల్లి. బుర్ర పోతోందట!

"చలేనత్తయ్యా. మాది సముద్రపు ఒడ్డు, అక్కడ ఇంత ఉండదు. మీరు అడిగిన రోజు కూడా చలే. వచ్చినప్పట్నుంచీ వేస్తూనే ఉంది." ఇక కళ్ళు ఆగలేదు. పెద్దదాన్ని, పొయ్యి ముందు నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. "ఊళ్ళో అందరికీ అల్లారు. గేరు రాడ్డుకి కూడా అల్లారు."

 ఆమె ముఖంలో ఉన్నది కోపమో, బాధో, నవ్వో నాకు తెలియలేదు. ఎదుటి కుర్చీ చూపించారు. "ఇలా రా. కూర్చో. చెయ్యి పెట్టు."

నా చెయ్యి బల్ల మీద పెట్టించి, తన కుడి చేతి జానతో కొలిచారు. వేళ్ళు మంచుముక్కల్లా తగిలాయేమో, మొహం చిట్లించారు. "బుట్ట తే. అటక మీద లేదులే, తలుపు వెనకుంది, నాకు తెలుసు. కోసిన స్వెట్టరు కూడా తే. ఆ ఊలుకేం, బంగారంలా ఉంది."

తెచ్చాను. కోసిన చోట నుంచి దారాలు లాగి, నాచేత ముక్కకు ముక్క ముడివేయించి, నా రెండు చేతులకూ చుట్టారు. నేను చేతులు చాపి కూర్చున్నాను, ఆమె అందులోంచి ఉండ చుట్టడం మొదలుపెట్టారు. కుడి చెయ్యి తిప్పుతోంది, ఎడమ చెయ్యి ఉండను పట్టుకోవాలి. వేళ్ళు ముందు రాలేదు. తొడకు ఆనించి, ఒక్కొక్కటే విప్పి పట్టుకున్నారు. ఉండ రెండుసార్లు కింద పడి దొర్లింది. రెండుసార్లూ నన్ను లేవనివ్వకుండా కాలితో దగ్గరికి లాక్కున్నారు.

ఎంబ్రెట్ లోపలికి వచ్చి, మమ్మల్ని చూసి, బూట్లు విప్పకుండానే మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

"రెండు తొడుగులూ ఈ చలికాలం అవ్వవు," అన్నారు అత్తగారు. "ఒకటే అవుతుందేమో."

"ఒకటి చాలత్తయ్యా. రెండో చెయ్యి జేబులో పెట్టుకుంటాను."

"చేతులు పైకెత్తు, చిక్కుపడుతోంది." కాసేపు చుట్టారు. ఊలులోంచి ఒక చిన్న ఈక జారి బల్ల మీద పడింది. దాన్ని చూసి ఆమె ఆగారు.

"ఆ కోడికైతే నోరు లేదు," అన్నారు, నా వైపు చూడకుండా. "వద్దని చెప్పలేకపోయింది. నీకేమొచ్చిందే, ఇన్నేళ్ళూ కావాలని చెప్పడానికి?"

 చేతులు ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాను.